మైకులో చెప్పిన మాట

తోటవలస మూడు రోడ్ల కూడలిలో కన్నకొడుకు పన్నెండు అడుగుల ఎత్తున నిలబడి నవ్వుతున్నాడు. అందుకే అసిరమ్మ ఆ దారి మానేసింది. ఉప్పుమళ్లలో పని ముగించుకుని, చేతులకు అంటిన ఉప్పు కూడా కడుక్కోకుండా, గట్ల మీదుగా చుట్టూ తిరిగి ఇల్లు చేరుతోంది. ఇరవై రోజులుగా ఇదే వరస.

ఆ ఫ్లెక్సీ మీద ఉన్నవాడు దేవేంద్ర. ఒంటి మీద సైనికుడి బట్టలు, భుజాన తుపాకి. ఆ బట్టలు మన దేశపువి కావు. అతని తలచుట్టూ గుండ్రటి గీతల్లో మాజీ సర్పంచి సూర్యారావు మొహం, సూర్యారావు పార్టీ పెద్దల మొహాలు. కింద ఎర్రటి అక్షరాలు. అసిరమ్మకు చదువు రాదు. కూతురు సుహాసిని ఒకసారి చదివి వినిపించింది. ‘స్వచ్ఛందంగా యుద్ధరంగంలో దూకిన మా ఊరి సింహం’ అని రాసి ఉందట.

ఆ దేశం పేరు ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. అసిరమ్మ మాత్రం పలకదు. మంచుదేశం అంటుంది, అంతే. ఆ మంచుదేశం మూడేళ్లుగా పక్క దేశం మీద పడి, ఊరు తర్వాత ఊరు తనలో కలుపుకుంటోంది. దేవేంద్ర వెళ్లింది యుద్ధానికి కాదు. భావనపాడు చుట్టుపక్కల సగంమంది కుర్రాళ్లలాగే విశాఖపట్నంలో వెల్డింగు నేర్చుకుని, ఒక ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి, ఓడలు బాగుచేసే షెడ్డులో పనికని విమానం ఎక్కాడు. పది నెలలు ఆ పనే చేశాడు. ఒకరోజు షెడ్డు మూసేశారు. కొత్త పని ఇప్పిస్తామని ఆ దేశపు భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మర్నాడు తల గొరిగి, తుపాకి ఇచ్చి, నవ్వమని ఫొటో తీశారు.

షెడ్డులో ఉన్న రోజుల్లోనే అతను ఫోనులో చెప్పేవాడు, ఆ దేశంలో యుద్ధం గురించి మనుషులు రెండు ముక్కలైపోయారని. అతని ఫోర్‌మన్ ఆ పక్క దేశపు భూమి తాతల నాటి నుంచీ మాదే అంటాడట. కాలేజీలో చదివే కూతురు కాదన్నందుకు ఇంట్లోంచి గెంటేశాడట. మధ్యాహ్నం డబ్బా తెరిచి తింటూ ఆ మనిషి ఏడ్చేవాడట, మళ్లీ చెయ్యి తుడుచుకుని యుద్ధం న్యాయమే అనేవాడట. వింటూ అసిరమ్మ ఆ పిల్ల ఎక్కడ ఉంటోందని అడిగింది. దేవేంద్రకు తెలియదు.

ఆ ముక్కలైపోవడం మన దేశానికీ పాకింది. ఢిల్లీలో ఒక పెద్ద పార్టీ, మంచుదేశం వాళ్లు మన పాత స్నేహితులు, తమ భూమి తాము తీసుకుంటున్నారు అంది. ఇంకో పెద్ద పార్టీ, బలమున్నవాడు బలం లేనివాడి నేల లాక్కోవడమే ఇది, అక్కడ చిక్కుకున్న మన పిల్లలను ముందు వెనక్కి తెప్పించండి అంది. మనవాళ్లు ఇష్టపడే సైన్యంలో చేరారని ఒకరు, మోసపోయి చేరారని ఒకరు పార్లమెంటులో అరుచుకున్నారు. ఆ అరుపులు టీవీల్లోంచి దిగి తోటవలస టీ కొట్ల దాకా వచ్చాయి. మాజీ సర్పంచి సూర్యారావు యుద్ధం వైపు. ఇప్పటి సర్పంచి జగన్నాధం యుద్ధానికి ఎదురు. పొలం గట్టు పక్కవాడు జానెడు జరిపితే పారతో తల పగలగొట్టే మనుషులు, ఒక దేశం తన గట్టును వంద మైళ్లు జరుపుకోవడం తప్పా ఒప్పా అని బెంచీల మీద కూర్చుని వాదించుకున్నారు. నెల తిరిగేసరికి ఒక టీ కొట్టు సూర్యారావు వాళ్లది, ఒకటి జగన్నాధం వాళ్లది అయింది. ఒకరి ఇంట చావుకు ఇంకొకరు వెళ్లడం మానేశారు.

అసిరమ్మ మొగుడు గణపతిరావు ఇరవై ఏళ్లుగా సూర్యారావు మనిషి. కొడుకు తుపాకి పట్టుకున్న ఫొటో వచ్చిన నాడు, జగన్నాధం టీ కొట్టు ముందునుంచి వెళ్తుంటే, గణపతి కొడుకును అమ్మేశాడని ఎవరో అన్నారు. ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది. నేరుగా సూర్యారావు దగ్గరికి వెళ్లి ఫొటో చూపించాడు. సూర్యారావు భుజం తట్టాడు. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు, గర్వంగా చెప్పుకోవాలి అన్నాడు. అమ్మవారి సంబరానికి ఊరంతా కూడిన సాయంత్రం స్టేజీ మీద గణపతిరావుకు శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు.

‘‘నా కొడుకుని ఎవులూ అమ్మలేదు, ఎవులూ పంపలేదు. ఆడు ఇష్టపడే ఎల్లాడు. ఆడు నా కొడుకు’’ అన్నాడు గణపతిరావు.

చప్పట్లు మోగాయి. ఎవరో వీడియో తీశారు. మర్నాటికి అది జిల్లా అంతా తిరిగింది, తర్వాత ఢిల్లీ దాకా వెళ్లింది. ఇష్టపడే వెళ్లారనడానికి ఇదిగో ఒక తండ్రి సాక్ష్యం అని యుద్ధం వైపున్న పెద్ద పార్టీ వాళ్లు చూపించుకున్నారు. సంబరం రాత్రే, కూడలిలో కట్టిన మొదటి ఫ్లెక్సీని ఎవరో చింపేశారు. రాళ్లు పడ్డాయి, పోలీసులు వచ్చారు. రెండు రోజుల్లో మొదటిదానికంటే పెద్ద ఫ్లెక్సీ లేచింది. అప్పటినుంచే అసిరమ్మ గట్ల మీద నడవడం.

శుక్రవారం మధ్యాహ్నం ఉప్పు గుట్టకు తాటాకులు కప్పుతుంటే, సుహాసిని ఫోను పట్టుకుని మళ్ల మధ్య పరుగెత్తుకుంటూ వచ్చింది. అవతల దేవేంద్ర.

‘‘అమ్మా, ఇను. ఎక్కువసేపు మాటాడనీరు. మోసపోయి చిక్కుకున్నోల పేర్లు మనోలు రాస్తన్నారట. మంగళవారం ఆ జాబితా ఇక్కడికి వస్తాది. అందులో నా పేరుండాల. అమ్మానాన్నలు కలక్టరాఫీసులో కాగితం ఇవ్వాలట.’’

‘‘నేకపోతే?’’

‘‘నేకపోతే బుధవారం తెల్లారి మమ్మల్ని ముందుకు తోలేస్తారు.’’

‘‘ముందుకంటే ఏటిరా నాయనా?’’

‘‘మా ముందు ఎల్లిన జట్టులో పదిమందికి ఇద్దరే తిరిగొచ్చారమ్మా. మిగిలినోల మూటలు మేమే దించాం’’ అన్నాడు. ఫోను తెగిపోయింది.

అసిరమ్మ తాటాకు చేతిలో పట్టుకునే ఇంటికి నడిచింది. దారిలో దాన్ని ఎక్కడ పారేసిందో గుర్తులేదు.

గణపతిరావు అంతా విని గోడకు చేరబడి కూర్చున్నాడు. సంతకం పెట్టనని అనలేదు, పెడతాననీ అనలేదు. సూర్యారావుతో ఒక మాట చెప్పాలి అన్నాడు. ఇరవై ఏళ్లుగా అతను ఏ పనికైనా ముందు అనే మాట అదే. సాయంత్రం ఇద్దరూ వెళ్లారు. సూర్యారావు మంచినీళ్లు ఇప్పించాడు, కుర్చీలు వేయించాడు. తాను ఢిల్లీ పెద్దాయనతో మాట్లాడుతున్నానని, రెండు వారాల్లో కుర్రాణ్ణి వంటశాల పనిలోకి మార్పిస్తానని చెప్పాడు.

‘‘సూడు అసిరమ్మా, నువ్వు ఆ కాగితం ఇచ్చేవంటే గణపతి స్టేజీ మీద అబద్ధమాడినట్టు. ఆడు అబద్ధమాడితే నేను ఆడించినట్టు. రేపు పేపర్లో ఏటేస్తారు?’’

‘‘రెండు వారాలంటన్నావు బావా. నా కొడుక్కి బుధవారమే.’’

సూర్యారావు గణపతిరావు వైపు చూశాడు. గణపతిరావు తల వంచుకున్నాడు.

శనివారం అసిరమ్మ ఎవరికీ చెప్పకుండా జగన్నాధం ఇంటికి వెళ్లింది. ఆ గడప తొక్కి రెండేళ్లయింది. జగన్నాధం భార్య ముందు ఆమెను చూసి లోపలికి వెళ్లిపోయింది, తర్వాత ఏమనుకుందో చాప తెచ్చి వేసింది. జగన్నాధం చాలా జాలిగా విన్నాడు. నిజానికి అతను మంచిగానే మాట్లాడాడు. అయితే ఆదివారం టెక్కలిలో ధర్నా ఉందట, పెద్ద నాయకుడు వస్తున్నాడట, అసిరమ్మ కొడుకు ఫొటో పట్టుకుని ముందు వరసలో కూర్చోవాలట, సూర్యారావు తన మొగుడి చేత బలవంతంగా చెప్పించాడని మైకులో అనాలట.

‘‘మావా, బలవంతం సెయ్యలేదు. మా ఆయనే ఆ మాటన్నాడు’’ అంది అసిరమ్మ.

‘‘అలగంటే ఎలగమ్మీ? నీకు కొడుకు కావాలా, నిజం కావాలా?’’

‘‘కొడుకే కావాల. కానీ మైకులో సెప్పిన మాటే మమ్మల్ని ముంచీసింది. ఇంకో మాట నేను సెప్పలేను మావా.’’

జగన్నాధం తువ్వాలు దులుపుకుని లేచాడు. ధర్నా అయ్యాక చూద్దాం అన్నాడు. గదిలో గోడకు ఆనించి కొత్త ఫ్లెక్సీ ఒకటి చుట్టి ఉంది. చివర కొంచెం విచ్చుకుని ఉంటే కొడుకు కన్ను ఒకటి కనపడింది. దాని కింద కన్నీటి చుక్క గీయించారు. అసిరమ్మ ఆ కంటినే చూస్తూ బయటికి నడిచింది.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. తల్లీ కూతుళ్లు మొదటి బస్సుకు బయల్దేరి టెక్కలిలో మారి, తొమ్మిదింటికి శ్రీకాకుళం చేరారు. ముందు రాత్రి గణపతిరావు ఒక్క మెతుకు ముట్టలేదు. తెల్లవారి లేచి చూస్తే మంచం మీద లేడు. సుహాసిని రాసిన అర్జీ కింద అసిరమ్మ వేలిముద్ర మాత్రమే ఉంది. తండ్రి పేరు పక్కన ఖాళీ.

వరసలో రెండు గంటలు నిలబడ్డారు. భూమి తగాదాలు, పింఛన్లు, ఇళ్ల స్థలాలు. అసిరమ్మ వంతు వచ్చింది. బల్ల వెనక ఉన్న అధికారి నలభై ఏళ్ల ఆడమనిషి. అర్జీ చదవగానే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోమంది. ఇలాంటి అర్జీలు జిల్లాలో ఇది నాలుగోది అంది. కంప్యూటరులో పేరు కొట్టి చూసింది. తర్వాత తన ఫోను తిప్పి వాళ్ల ముందు పెట్టింది. స్టేజీ, శాలువా, మైకు. ఆడు ఇష్టపడే ఎల్లాడు. చప్పట్లు.

‘‘అమ్మా, ఈ వీడియో మీ అబ్బాయి ఫైలులో ముందే ఉంది. తండ్రి ఇలా చెప్పాక, తల్లి వేలిముద్ర ఒక్కటే పెడితే పక్కన పెట్టేస్తారు. ఆయన స్వయంగా వచ్చి, నా ఎదుట ఆ మాట తప్పని చెప్పి సంతకం పెట్టాలి. సాయంత్రం ఐదింటికి ఢిల్లీకి మెయిలు పంపేస్తాను. ఆ తర్వాత కొత్త పేరు చేర్చడం నా చేతిలో ఉండదు.’’

సుహాసిని తండ్రికి పన్నెండుసార్లు ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. పక్కింటి లక్ష్మణమ్మకు చేస్తే, మీ నాన్న పొద్దుటినుంచి సూర్యారావు అరుగు మీదే కూర్చున్నాడు, పిలిచినా పలకడం లేదు అంది. అసిరమ్మ ఫోను లాక్కుంది. ఫోను తీసుకెళ్లి అతని చెవి దగ్గర పెట్టమని లక్ష్మణమ్మను బతిమాలింది. లక్ష్మణమ్మ వాళ్లది జగన్నాధం పార్టీ. ఆమె సూర్యారావు వీధిలోకి వెళ్లి రెండేళ్లయింది. అయినా వెళ్లింది. చెప్పుల చప్పుడు, కుక్క అరుపు, ఎవరో ఎందుకొచ్చావని అడగడం, అన్నీ అసిరమ్మకు ఫోనులో వినిపించాయి. తర్వాత మొగుడి ఊపిరి వినిపించింది.

‘‘ఇదిగో, ఇను’’ అంది అసిరమ్మ. ‘‘నిన్ను నేనేటీ అననేదు, ఇరవై దినాలై అననేదు. ఇప్పుడూ అనను. ఐదింటికి ఇక్కడుండు. నీ పరువు పోతే నేను నీతో ఉంటాను. ఆడు పోతే మటుకు ఉండను.’’

ఫోను కూతురికి ఇచ్చేసింది.

నాలుగున్నరకు సుహాసిని గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపే చూస్తోంది. ఐదుకు పన్నెండు నిమిషాలుండగా ఒక మోటారు సైకిలు ఆగింది. నడిపేది లక్ష్మణమ్మ మొగుడు అప్పలసూరి. తన పార్టీవాళ్లలో ఒక్కడూ బండి ఇవ్వకపోతే గణపతిరావు అతన్ని అడిగాడట. యాభై మైళ్ల దారిలో ఇద్దరూ పలకరించుకోలేదట. గణపతిరావు కాళ్లకు చెప్పులు లేవు.

బల్ల ముందు నిలబడి అతను గొంతు సవరించుకున్నాడు. అధికారి ఫోనులో రికార్డు చేస్తానంది. అతను తల ఊపాడు.

‘‘అమ్మగారూ, ఆ దినం నేను అబద్ధమాడాను. నా కొడుకు ఇష్టపడి ఎల్లలేదు. ఊర్లో నన్ను అనరాని మాటన్నారని, ఆ మాటకు మందుగా ఈ మాటన్నాను. నా తప్పుకి ఆడిని సంపకండి.’’

అధికారి రికార్డు ఆపి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఐదుకు మూడు నిమిషాలుండగా మెయిలు వెళ్లింది. లేచి వాళ్లను తలుపు దాకా సాగనంపుతూ ఒక మాట చెప్పింది. ఒకే తండ్రి రెండు రకాలుగా చెప్పాడు కాబట్టి పైవాళ్లు అనుమానించవచ్చట. ఊరంతా చప్పట్లు కొట్టింది గనక ఊరంతా ఒప్పుకుంటే బలం వస్తుందట. పంచాయతీ తీర్మానం రాసి, రెండు పార్టీల వాళ్లూ సంతకాలు పెట్టి రేపు సాయంత్రంలోగా పంపితే, అది కూడా వెంటనే జతచేస్తానంది.

మంగళవారం పదకొండు గంటలకు దేవేంద్ర ఫోను వచ్చింది. ఎవరి ఫోనో, గొంతు గాలిలో ఊగుతోంది.

‘‘అమ్మా, నా పేరు రెండిట్లోనూ ఉందట. ఇష్టపడి వచ్చినోల కాగితంలోనూ ఉంది, మోసపోయినోల కాగితంలోనూ ఉంది. ఏది నిజమో తేలేదాకా ఆగమన్నా ఈల్లు ఆగరు. బట్టలు సర్దుకోమన్నారు. నాన్నేడీ?’’

గణపతిరావు ఫోను అందుకున్నాడు. చెవికి పెట్టుకుని ఏడ్చాడు.

‘‘నాన్నా, ఏడవకు’’ అన్నాడు దేవేంద్ర. ‘‘నువ్వు నన్ను అమ్మేసేవని ఎవులంటే ఏటి? నాకు తెలుసు కదా.’’

‘‘రేపు తెల్లారిలోగా సేస్తాను రా. ఎలగైనా సేస్తాను’’ అన్నాడు గణపతిరావు. కొడుకు విన్నాడో లేదో తెలియదు. లైను పోయింది.

సుహాసిని నోటుపుస్తకంలోంచి కాగితం చింపి తీర్మానం రాసింది. తండ్రి మాటలే రాసింది. కింద సంతకాలకు గీతలు గీసింది, అటు సగం, ఇటు సగం. జగన్నాధం సర్పంచి గనక మొదటి సంతకం అతనిదే కావాలి. సూర్యారావు వాళ్లు పెడితేనే నేను పెడతాను అన్నాడు జగన్నాధం. ముందు జగన్నాధాన్ని పెట్టమను అన్నాడు సూర్యారావు. ధర్నాకు రాని మనిషికి సాయం ఎందుకని అటు వాళ్లు, నిన్న అప్పలసూరి బండెక్కిన మనిషి మనవాడెలా అవుతాడని ఇటు వాళ్లు. ఒంటిగంట అయింది.

అప్పుడు గణపతిరావు కాగితం తీసుకుని ఒంటరిగా వీధిలోకి దిగాడు. పెద్దల దగ్గరికి కాదు, వరసగా ఇళ్లకు. అసిరమ్మ అతని వెనకే పది అడుగుల దూరంలో నడిచింది. మొదటి ఇల్లు లక్ష్మణమ్మది. అతను గుమ్మం ముందు నిలబడి, స్టేజీ మీద ఎంత గట్టిగా అన్నాడో అంత గట్టిగా, నేను అబద్ధమాడాను, నా కొడుకు ఇష్టపడి ఎల్లలేదు అన్నాడు. అప్పలసూరి బయటికి వచ్చి సంతకం పెట్టాడు. రెండో ఇల్లు సూర్యారావు చిన్నాన్నది. ముసలాయన కాగితం తిప్పి తిప్పి చూశాడు. సూర్యారావుకు తెలుసా అని అడిగాడు. తెలియదన్నాడు గణపతిరావు. ముసలాయన వీధి ఆ చివరకూ ఈ చివరకూ చూసి, వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలు పంచెలో దాచుకుని లోపలికి పోయాడు.

మూడో ఇంటి తలుపు తెరుచుకోలేదు. లోపల టీవీ మోగుతోంది, మనుషులు ఉన్నారు. గణపతిరావు మూసిన తలుపుకే ఆ మాట చెప్పాడు. గొంతు జీరపోయింది. ఎండ నడినెత్తిన ఉంది, ఊళ్లో నూట నలభై గడపలున్నాయి, సాయంత్రానికి నాలుగు గంటలు. అసిరమ్మ దగ్గరికి వచ్చి అతని చేతిలోంచి కాగితం తీసుకుంది.

‘‘నువ్వు అటు వరస ఎల్లి సెప్పు. ఇటు వరస నేను సెప్తాను’’ అంది.

కాగితం ఒక్కటే ఉంది. వెనకే వచ్చిన సుహాసిని ఇంకోటి రాయడానికి ఇంటికి పరుగెత్తింది.